పనీ పాటా

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన తెలుగులో "పనీ పాటా" అని ఒక చక్కని జంట మాట వుంది. ఫలానా వాడికి పనీ పాటా లేదంటాం. వెళ్లి పనీ పాటా చూసుకోమంటాం. పని పక్కకి పాట ఎందుకు వచ్చి చేరిందో ఎప్పుడైనా ఆలోచించారా? వెనకటి రోజుల్లో ఆ రెండూ విడివిడిగా వుండేవి కావు. నాట్లు వేసే ఆడవాళ్లు వంచిన నడుము ఎత్తకుండానే పాట అందుకునేవారు. దంపుళ్ల దగ్గర పాట, తిరగలి దగ్గర పాట, ఏతం తొక్కేవాడికి పాట, పడవ నడిపేవాడికి పాట. ఒళ్లు అలిసినా మనసు అలిసేది కాదు.

ఫ్యాక్టరీలు వచ్చాక ఈ జంట విడిపోయింది. యంత్రాల రొదలో పక్కనున్న మనిషి మాటే వినపడదు, ఇక పాటెక్కడ? కూత వెయ్యగానే లోపలికి వెళ్లాలి, మళ్లీ కూత వేసేదాకా ఒకటే పని. అందువల్ల పాటకు వేరే చోటూ, వేరే వేళా వెతుక్కోవలసి వచ్చింది. సంస్థలు తమ ఉద్యోగుల కోసం నడిపే క్లబ్బులు, ఆటస్థలాలు, నాటకాలు, వార్షికోత్సవాలు, విహారయాత్రలు అలా పుట్టుకొచ్చాయి. ఇవాళ వాటి గురించి కాసేపు మాట్లాడుకుందాం.

అది మగవాళ్ల సంగతి, ఆఫీసు సంగతి, మనకెందుకులే అనుకోకండి. ఆ సరదాకి పెట్టే డబ్బులోనూ, ఆ సరదాకి పట్టే వేళలోనూ ఇంటి వాటా వుంది. ఆ వాటా మనకు ఎక్కడ దక్కుతోంది, ఎక్కడ జారిపోతోంది అన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

ముందు ఇది ఎక్కడ మొదలైందో చూద్దాం. మన పిల్లలు తినే కాడ్బరీ చాక్లెట్టు పేరు అందరికీ తెలిసిందే. ఇంగ్లండులో ఆ వ్యాపారం నడిపిన రిచర్డ్, జార్జి అనే అన్నదమ్ములు 1879లో తమ ఫ్యాక్టరీని బర్మింగ్‌హామ్ నగరపు ఇరుకులోంచి ఊరి బయట పచ్చిక నేలల్లోకి మార్చారు. ఆ చోటికి బోర్న్‌విల్ అని పేరు పెట్టారు. అక్కడ మగవారికి ఆటస్థలం, ఆడవారికి విడిగా ఇంకో ఆటస్థలం, తోటలు, ఈతకొలను సమకూరాయి. ఆ కుటుంబం వారు క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందినవారు. అందుచేత ఆ ఊళ్లో తాగుడు దుకాణాలు లేకుండా కూడా చూశారు. వినడానికి ఎంత బాగుందో! కాని అదే ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్ల పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదిలి వెళ్లాలనే నియమం చాలా కాలం నడిచింది. ఆడుకోవడానికి చోటిచ్చిన వారే పెళ్లి కాగానే గుమ్మం చూపించారన్నమాట. దయతో ఇచ్చినదానికీ, హక్కుతో వచ్చినదానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఇంకో సంగతి చెబితే మీ అబ్బాయిలు సంతోషిస్తారు. రాత్రిళ్లు నిద్ర మానుకుని వాళ్లు టీవీలో చూసే మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు వుంది చూశారూ, దాన్ని 1878లో మొదలుపెట్టింది రైలుపెట్టెల షెడ్డులో పనిచేసే కార్మికులు. ఐందోవెన్ అనే డచ్చి వారి ఊళ్లో 1913లో ఫిలిప్స్ బల్బుల కంపెనీ ఉద్యోగుల ఆటల సంఘంగా మొదలైనదే పి.ఎస్.వి. జట్టు. ఆ పేరులో మొదటి అక్షరం ఫిలిప్స్‌దే. పని దిగిపోయాక నలుగురు కలిసి తన్నిన బంతి ఎంత దూరం వెళ్లిందో చూడండి.

మన దేశానికి వస్తే జంషెడ్‌పూర్ పేరు ముందు చెప్పుకోవాలి. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడ ఉక్కు పనిలో కుదురుకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో వున్నాయి. జంషెడ్జీ టాటా 1902లో, ఉక్కు ఫ్యాక్టరీకి ఇంకా స్థలమే తేలకముందు, తన కొడుకు దొరాబ్జీకి ఉత్తరం రాశారు. కట్టబోయే ఊళ్లో వెడల్పైన వీధులు, నీడనిచ్చే చెట్లు, తోటలు, ఫుట్‌బాల్‌కీ హాకీకీ చాలినంత స్థలం, అన్ని మతాలవారికీ ప్రార్థనాలయాలు వుండేలా చూడమన్నారు. రెండేళ్లకు, 1904లో, ఆయన కన్నుమూశారు. ఆ ఊరు ఆయన చూడనే లేదు. ఇప్పటికీ మార్చి 3న, ఆయన పుట్టినరోజున, జంషెడ్‌పూర్‌లో దీపాలు అలంకరిస్తారు. ఉద్యోగుల కుటుంబాలన్నీ పిల్లాజెల్లాతో చూడటానికి బయలుదేరతాయి.

ఆ దీపాలకన్నా నాకు గొప్పగా కనిపించే సంగతి ఇంకొకటి వుంది. 1912లోనే అక్కడ ఎనిమిది గంటల పనిదినం అమలులో పెట్టారు. చాలా చోట్ల పది, పన్నెండు గంటలు పని చేయిస్తున్న రోజులవి. ఆటకన్నా ముందు రావలసింది తీరిక. పన్నెండు గంటలు పనిచేసి ఇంటికొచ్చిన మనిషికి క్యారమ్ బోర్డు ఇచ్చి ఏం లాభం? పడుకోవడానికి చాప ఇస్తే సంతోషిస్తాడు.

ఇప్పుడు చట్టం సంగతి. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీను, 150 మందికి మించితే విశ్రాంతి గది, 500 మంది వుంటే సంక్షేమాధికారి వుండాలని పెట్టింది. పసిపిల్లల సంరక్షణకు గది కూడా వుండాలంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక స్మృతిలోనూ క్యాంటీను, పసిపిల్లల గది వంటివి వున్నాయి. అయితే ఫ్యాక్టరీలో ఆటలు ఆడించాలనీ, పాటలు పాడించాలనీ ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు. ఊళ్లకు దూరంగా వుండే తేయాకు తోటల వంటి చోట్ల పనిచేసేవారికి మాత్రం వినోద సౌకర్యాలు కల్పించేలా నియమాలు చెయ్యవచ్చునని 1951లో వచ్చిన తోటల కార్మికుల చట్టం అంది. మిగతా చోట్ల ఆ సంగతి యాజమాన్యం ఇష్టానికీ, యూనియను అడిగే తీరుకూ వదిలేశారు. అందువల్లే ఒక కంపెనీలో స్టేడియం వుంటుంది, పక్క కంపెనీలో చిరిగిన చదరంగం అట్ట కూడా వుండదు.

ఇక మన వాటా దగ్గరకు వద్దాం. మీ ఇంట్లోవారి కంపెనీ ఏదైనా వేడుక చేసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. డబ్బు ఎవరిది? వేళ ఎవరిది? మాట ఎవరిది?

మొదటిది డబ్బు. వార్షికోత్సవంలో స్టీలు గిన్నె బహుమతిగా ఇస్తే, కంపెనీ వారు ఎంత మంచివారో అనుకుంటూ తెచ్చుకుంటాం. మంచివారే కావచ్చు. కాని ఒకసారి మీవారి జీతం చీటీ తీసి చూడండి. చాలా సంస్థల్లో క్లబ్బు చందా అనో, ఆటల నిధి అనో నెలనెలా కొంత మొత్తం జీతంలోంచి తగ్గించుకుంటారు. కార్మిక సంక్షేమ నిధి అని ఇంకొకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో దాని చట్టం 1987లో వచ్చింది. తెలంగాణలోనూ అటువంటి నిధే వుంది. దానికి కార్మికుడి జీతంలోంచి ఏడాదికొకసారి కొద్ది మొత్తం పోతుంది, దాని మీద యజమాని తన వంతు వేస్తాడు. చిన్న మొత్తమే. కాని చిన్న మొత్తమైనా మనదే. మన కూరడబ్బుల్లోంచి పోయినది కనుక అది ఎలా ఖర్చయిందని అడగడంలో తప్పేమీ లేదు. ఏటా జమాఖర్చు నోటీసుబోర్డు మీద పెట్టే క్లబ్బులున్నాయి. పెట్టని క్లబ్బును పెట్టమని అడగవచ్చు.

రెండోది వేళ. పూర్వం ఫ్యాక్టరీ మనిషి క్లబ్బుకి వెళ్లి పేకముక్కల ముందు కూచుంటే, అన్నం మూతపెట్టి ఎదురుచూసే ఇల్లాలి ఫిర్యాదు ఒకటుండేది. ఇప్పుడు దాని రూపం మారింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో టేబుల్ టెన్నిస్, వ్యాయామశాల, కాఫీ, ఫలహారం అన్నీ లోపలే వుంటాయి. చూడముచ్చటగా వుంటాయి. కాని సాయంత్రం ఆరుకు ఇంటికి రావలసిన పిల్ల ఆటా, ఫలహారమూ అయ్యాక మళ్లీ కంప్యూటరు ముందు కూచుని రాత్రి పదికి వస్తే, ఆ ఆట ఎవరి కోసం జరిగినట్టు? శని, ఆదివారాల్లో "టీమ్ ఔటింగ్" అంటారు. ఇష్టమైతేనే రమ్మంటారు. రాకపోతే మాత్రం పై అధికారి మొహం ముడుచుకుంటాడు. చంటిబిడ్డ తల్లి ఏం చేస్తుంది? నలుగురిలో కలవదనే పేరు మోస్తుంది. వినోదం ఉద్యోగి తీరికను పెంచాలి గాని తినకూడదు. రావడం మానినవారికి ఏ నష్టమూ లేనప్పుడే అది వినోదం. లేకపోతే జీతం లేని ఓవర్‌టైమే.

ఇక్కడే ఇంకో మాట. ఉద్యోగం చేసే మన ఆడపిల్లలు ఆఫీసువారి విహారయాత్రకు వెళ్లినప్పుడు ఎవరైనా హద్దు మీరితే, అది ఆఫీసు బయట జరిగింది, మాకు సంబంధం లేదని సంస్థ తప్పించుకోవడానికి వీల్లేదు. పని చేసే చోట స్త్రీలకు రక్షణ కల్పించే 2013 నాటి చట్టం, ఉద్యోగరీత్యా వెళ్లిన ప్రతి చోటునూ, యజమాని ఏర్పాటు చేసిన వాహనాన్నీ కూడా పనిచోటుగానే లెక్కించింది. ఈ సంగతి ప్రతి తల్లీ తన కూతురికి చెప్పి వుంచాలి.

విహారయాత్ర అన్నాను కనుక భద్రత గురించి కూడా చెప్పాలి. అమెరికాలో షికాగో నగరం దగ్గర టెలిఫోను పరికరాలు చేసే వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీ వుండేది. 1915 జూలై 24న, శనివారం నాడు, ఆ కంపెనీ ఉద్యోగులు ఏటా చేసుకునే పిక్నిక్‌కి భార్యాబిడ్డలతో ఈస్ట్‌లాండ్ అనే ఓడ ఎక్కారు. దాదాపు 2,500 మంది. అందరూ కొత్త బట్టలు కట్టుకుని, ఫలహారాల బుట్టలతో వచ్చారు. ఓడ ఇంకా రేవుకి కట్టే వుంది. అలా వుండగానే పక్కకి ఒరిగి బోల్తా పడింది. 844 మంది పోయారు. ఇరవైకి పైగా కుటుంబాలు ఒక్కరైనా మిగలకుండా తుడిచిపెట్టుకుపోయాయి. పైభాగం బరువెక్కి ఓడ నిలకడ తప్పింది. 1912లో టైటానిక్ మునిగిన తరవాత ప్రాణరక్షణకని అదనంగా చేర్చిన పడవల బరువు కూడా అందుకు తోడైంది. గోదావరి మీద 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మనమెవరమూ మరిచిపోలేదు. అందుచేత కంపెనీ వారు బస్సో, పడవో ఏర్పాటు చేశామంటే సంతోషించండి. సంతోషిస్తూనే ఎంతమందికి సరిపడే బండి, ఎంతమంది ఎక్కుతున్నాం, పడవలో అందరికీ లైఫ్ జాకెట్లున్నాయా అని అడగండి. శుభమా అని వెళుతూ ఇవేం మాటలని ఎవరైనా అంటే అననివ్వండి.

ఇక మూడోది మాట. అంటే ఏం చెయ్యాలో నిర్ణయించేది ఎవరన్నది. రైల్వేవారి ఇన్‌స్టిట్యూట్ల పేరు చాలామంది విని వుంటారు. ఇంగ్లీషువారి కాలంలో తెల్లవారికీ, ఆంగ్లో ఇండియన్లకూ ఒక ఇన్‌స్టిట్యూటు, మనవారికి వేరే ఇన్‌స్టిట్యూటు వుండేవి. స్వాతంత్ర్యం వచ్చాక ఆ గోడ పోయింది. ఇప్పుడు చందా కట్టిన ఉద్యోగులే ఓట్లు వేసి కమిటీని ఎన్నుకుంటారు. రైల్వేలో ఉద్యోగుల ప్రయోజన నిధి అని వుంది. పిల్లల చదువుకి, వైద్యానికి, ఆటలకి, వినోదానికి దానిలోంచి ఖర్చు పెడతారు. ఆ కమిటీలో ఉద్యోగుల ప్రతినిధులు కూచుంటారు. చందా కట్టినవాడికి కుర్చీ వుండటం అంటే ఇదీ.

అలాంటి చోట ఆట ఉద్యోగితో ఆగదు, ఇంటిదాకా వస్తుంది. మన పి.వి. సింధు సంగతి చూడండి. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు. తండ్రి రమణగారు రైల్వే ఉద్యోగి, ఆటకు అర్జున అవార్డు పొందినవారు. సింధు బ్యాడ్మింటన్ మొదటి పాఠాలు నేర్చుకున్నది సికిందరాబాదులో రైల్వే సిగ్నల్ ఇంజనీరింగు శిక్షణ సంస్థ కోర్టుల్లో, మెహబూబ్ అలీ గారి దగ్గర. ఆ పిల్ల 2016లో రియో ఒలింపిక్స్‌లో రజతం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఉద్యోగుల కోసం వేసిన కోర్టు గేటుకి తాళం పెట్టి, పిల్లలు రాకూడదని బోర్డు కడితే ఏమయ్యేదో ఆలోచించండి. సింధులు అందరిళ్లల్లోనూ పుట్టరు. కాని ఆడుకోవాలనే పిల్లలు అందరిళ్లల్లోనూ వుంటారు.

సింగరేణి గనుల సంగతీ చెప్పుకోవాలి. ఆ కంపెనీ ప్రస్తుత పేరుతో ఏర్పడింది 1920 డిసెంబరు 23న. ఏటా ఆ రోజున సింగరేణి డే జరుపుతారు. షిఫ్టు షిఫ్టంతా భూమి అడుగున చీకట్లో గడిపిన మనిషికి పైన నలుగురి మధ్య వెలుతురులో గడిపే పూట ఎంత అవసరమో వేరే చెప్పాలా? అక్కడ సింగరేణి సేవా సమితి ద్వారా కార్మికుల ఇళ్లల్లోని ఆడవారికి కుట్టుపని వంటివి నేర్పిస్తూ వచ్చారు. కాలక్షేపంగా నేర్చుకున్న కుట్టుపని ఇంటికి నాలుగు రాళ్లు తెచ్చిందంటే అంతకన్నా ఏం కావాలి?

మామూలు కాలనీల్లో మాత్రం ఆడవారి వంతు ఏమిటంటే ముగ్గుల పోటీ, మ్యూజికల్ చైర్స్, చెంచాలో నిమ్మకాయ పరుగు. ఏడాదికొకసారి. పెద్ద అధికారి భార్య బహుమతులిస్తుంది, గుమాస్తా భార్య చప్పట్లు కొడుతుంది. నేను ముగ్గుల పోటీని తక్కువ చెయ్యడం లేదు. మ్యూజికల్ చైర్స్‌లో కుర్చీ దొరికితే చాలదు, కమిటీలో కూడా ఒక కుర్చీ దొరకాలంటున్నాను.

దొరికితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. నాకు తెలిసిన ఒక ఫ్యాక్టరీ కాలనీ వుంది, పేరెందుకు లెండి. అక్కడ క్లబ్బు లైబ్రరీ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తెరిచేవారు. సరిగ్గా మనం పొయ్యి దగ్గరుండే వేళ! ఆడవాళ్లెవరూ పుస్తకాలు తీసుకెళ్లడం లేదని కమిటీవారు వారపత్రికలు మాన్పించబోయారు. అప్పుడు పదిమంది గృహిణులు కలిసి, మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా తెరవమని అర్జీ పెట్టారు. గుమాస్తాకి ఆ వేళ కుదరదన్నారు. తాళంచెవి మాకివ్వండి, వంతులవారీగా మేమే కూచుంటామన్నారు వీళ్లు. ఆర్నెల్లలో పుస్తకాలు చాలక కొత్తవి కొనవలసి వచ్చింది.

ఆ మరుసటి ఏడు అదే కాలనీలో ఒకావిడకు భర్త పోయారు. మూడు నెలలయ్యాక ఆవిడ పుస్తకం తిరిగి ఇవ్వడానికొచ్చి, ఇంకోటి తీసుకోబోయింది. సభ్యత్వం ఆయన పేరున వుంది కనుక కార్డు రద్దయిందని చెప్పారు. ఆవిడ ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మనిషికి తోడు బాగా కావలసిన రోజుల్లోనే ఆ గుమ్మం మూసుకుపోయిందన్నమాట. ఈ సంగతి విని ఆడవాళ్లందరూ మళ్లీ అర్జీ పెట్టారు. ఇప్పుడు అక్కడ భార్య పేరున కూడా విడిగా కార్డు ఇస్తారు. భర్త వున్నా, పోయినా, పదవీ విరమణ చేసినా ఆ కార్డు ఆవిడదే. దీనికి కంపెనీకి అయిన ఖర్చు ఒక అట్టముక్క.

ఇలాంటివే మీరూ ఆలోచించండి. ఆటస్థలంలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి వుందా? రాత్రి నాటకమో, పాటకచ్చేరీయో అయ్యాక ఇంటికి చేరడానికి బండి వుందా? వేసవి సెలవుల్లో పిల్లలకు ఈతో, సంగీతమో నేర్పుతున్నారా? ఇంకో ముఖ్యమైన సంగతి. కాంట్రాక్టు మీద పనిచేసే వారి పిల్లలు ఆ గేటు బయటే నిలబడి చూస్తున్నారా? అదే ఫ్యాక్టరీలో అదే చెమట కార్చేవారి బిడ్డల్ని వుయ్యాల ఎక్కనివ్వకపోతే ఆ వుయ్యాల మనవాళ్లకి మాత్రం ఏం శోభ?

కంపెనీలు ఇవన్నీ మన మీద ప్రేమతోనే చేస్తాయని నేను చెప్పను. మనిషి ఉల్లాసంగా వుంటే నాగాలు పెట్టడనీ, తగవులు తగ్గుతాయనీ, పని బాగా సాగుతుందనీ వాళ్ల లెక్క వాళ్లకుంది. వుండనివ్వండి. వాళ్ల లాభం వాళ్లు చూసుకున్నట్టే మన మేలు మనం చూసుకోవాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. కంపెనీ అమ్మ కూడా కాదు కదండీ!

కనుక ఈసారి వార్షికోత్సవానికి ఆహ్వానం వచ్చినప్పుడు చీర ఏది కట్టుకోవాలా అని ఆలోచించండి, తప్పేం లేదు. దానితోపాటు పక్కింటావిడతో కలిసి ఒక కాగితం మీద మీకు కావలసినవి మూడంటే మూడు రాసి తీసుకెళ్లండి. బహుమతి ప్రదానం కాగానే కార్యదర్శిగారి చేతికివ్వండి. పది సంతకాలుంటే మరీ మంచిది.